హెచ్చరిక కప్పుకుంటే చలి ఆగుతుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - మన పడమటి మండలాలకు చలి కొత్త కాదు. ఈ చల్లగాలి క్షయరోగులకు మంచిదనే వందేళ్లకు ముందు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కట్టారు. అదే గాలి దుప్పటి లేనోళ్లకు శత్రువు.

చలికాలంలో హెచ్చరికలొస్తాయి. తెల్లారుజామున బయటికి రావద్దు, ఉన్నిబట్టలు వేసుకోండి, తలుపులు మూసి లోపల కుంపటి పెట్టుకోవద్దు అంటారు. మంచి మాటలే, కాదనం. ముసలోళ్లకు, పసిబిడ్డలకు అవి ప్రాణం నిలిపే మాటలు. కానీ కుప్పంలో చీకటితోనే బెంగళూరు కూలికి రైలెక్కేవాళ్లు ఇంట్లో కూర్చుంటే ఆ పూట కూలి ఎవరిస్తారు? మదనపల్లె టమాటా మార్కెట్లో మూటలు మోసే హమాలీకి ఉన్నికోటు ఎవరిస్తారు?

లెక్క కూడా చూడండి. మైదాన ప్రాంతంలో చలిగాలి అని వాతావరణ శాఖ చెప్పాలంటే రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగాలి. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గాలి. లేదా 4 డిగ్రీలకే పడిపోవాలి. కొలత ఒకటి ఉండాల్సిందే. చీటికీమాటికీ భయపెడితే జనం వినడం మానేస్తారు. అయితే అది నేలకు నాలుగడుగుల పైన, చెక్కపెట్టెలో ఉన్న థర్మామీటరు లెక్క. మబ్బులేని రాత్రి నేల అంతకన్నా చల్లబడుతుంది. 12 డిగ్రీలు మిద్దెలో పడుకున్నోడికి హాయి. కళ్లం కాపలాకు గోనెపట్ట మీద పడుకున్నోడికి గండం.

మేము బడి పంతుళ్లం. బండల మీద పడుకుని, చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ బడికొచ్చే హాస్టల్ పిల్లల్ని చూసినోళ్లం. చలి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దుప్పటి కావాలి.

చలిగాలి కేంద్రం విపత్తుల జాబితాలో ఉంది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రి బస ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇది ఎవరి దయా కాదు, హక్కు.

అందుకే మేము అడుగుతున్నాం. హెచ్చరిక వచ్చిన రోజే హాస్టళ్లలో దుప్పట్లు, వేణ్నీళ్లు తనిఖీ చేయాలి. రాత్రి బసలు తెరవాలి. పసిబిడ్డలున్న ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు పోవాలి. ఇవేవీ చేయని హెచ్చరిక అధికారి చేతులు కడుక్కోవడానికే పనికొస్తుంది.

ఈసారి సెల్‌ఫోనుకు హెచ్చరిక వస్తే ఇంకొకరికి పంపి ఊరుకోకండి. పదిమంది కలిసి హాస్టల్‌కు నడవండి. దుప్పట్లు లెక్కపెట్టండి. కొరత రాసి తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకప్పుడు ఊరి చాటింపులన్నిటికీ మన డప్పే మోగింది. ఇప్పుడు మన పిల్లల కోసం మోగిద్దాం.

జై భీమ్!