వేడి చేసిందని ఊరుకోకండి



జీతాల బకాయిలు, ఇకామా, సెలవు టికెట్ల గురించి ఈ బులెటిన్‌లో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ఒకే రూములో పదిమంది ఉన్నా ఒక్కరితోనూ చెప్పుకోని సంగతి మాట్లాడుకుందాం. మగవాళ్లకు బీజాల దగ్గర వచ్చే నొప్పి, వాపు గురించి. నలుగురిలో చదవడానికి మొహమాటంగా ఉంటే మంచం మీద ఒక్కరే ఉన్నప్పుడు చదవండి. చివరిదాకా మాత్రం చదవండి.

మూత్రం మంటగా వస్తే మన వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట "వేడి చేసింది". నలభై అయిదు డిగ్రీల ఎండలో పొద్దంతా ఇనుము మోసేవాడికి ఆ మాట నిజమే అనిపిస్తుంది. మజ్జిగ తాగుతాడు, సబ్జా గింజలు నానబెట్టుకుంటాడు, బార్లీ నీళ్లు కాచుకుంటాడు. రెండు రోజులకు ఒక పక్క బీజం బరువుగా, సలుపుగా ఉంటే "బస్తా ఎత్తినప్పుడు నరం పట్టి ఉంటది" అనుకుంటాడు. వాపు కంటికి కనపడితే "వరిబీజం కావచ్చు, మా తాతకు కూడా ఉండె, ఊరికి పోయినంక చూపించుకుంట" అంటాడు. ఈ మూడు మాటల్లోనే పది రోజులు గడిచిపోతాయి. సులభంగా నయమయ్యే జబ్బు ముదిరిపోయేది ఆ పది రోజుల్లోనే.

అసలు అక్కడ ఏం జరుగుతోంది? వృషణం వెనకాల ఒక సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. విప్పి సాగదీస్తే దాదాపు 6 మీటర్ల పొడవు వస్తుంది. వీర్యకణాలు పక్వానికి వచ్చేది, నిలవ ఉండేది అందులోనే. దాని పేరు ఎపిడిడిమిస్. మూత్రనాళంలోకి చేరిన సూక్ష్మక్రిములు వెనక్కి పాకి ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షన్ తెస్తే అది వాస్తుంది. దాన్నే డాక్టర్లు ఎపిడిడిమైటిస్ అంటారు. ఎక్కువగా ఒక పక్కే వస్తుంది. నొప్పి ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది. చెయ్యి తగిలితే ఓర్చుకోలేం. చర్మం ఎర్రగా, వేడిగా ఉంటుంది. మూత్రం మంట, మాటిమాటికీ రావడం, కొందరికి జ్వరం, అంగం నుంచి చీము లాంటిది కారడం కూడా ఉంటాయి. వరిబీజం అంటే నీరు చేరడం. దానికి మామూలుగా ఇంత నొప్పి, జ్వరం, మంట ఉండవు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇంకో తేడా అంతకన్నా ముఖ్యం. నొప్పి మెల్లగా కాకుండా ఒక్కసారిగా, నిద్రలోంచి లేపేంత గట్టిగా వచ్చి, వాంతి కూడా అయితే బీజం మెలిపడి రక్తం ఆగిపోయి ఉండొచ్చు. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఇది ఎక్కువ. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే బీజం దక్కే అవకాశం ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ ఆ ఆశ తగ్గిపోతుంది. అప్పుడు షిఫ్టు అయిపోయేదాకా ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి పోండి.

ఇక సిగ్గు పడే మాటకు వద్దాం. ఈ వాపు ఎందుకు వస్తుంది? 35 ఏళ్ల లోపు మగవాళ్లలో ఎక్కువగా సెక్సు ద్వారా అంటుకునే క్లామిడియా, గనేరియా క్రిముల వల్ల వస్తుంది. గనేరియా అంటే మన పెద్దలు సెగవ్యాధి అనేదే. క్లామిడియా చాలామందిలో ఏ లక్షణమూ చూపించకుండా దాగి ఉంటుంది. కాబట్టి "నాకు చీము కారలేదు కదా" అనే ధైర్యం పనికిరాదు. 35 దాటినవాళ్లలో ఎక్కువగా మామూలు మూత్రం ఇన్‌ఫెక్షన్, ప్రోస్టేట్ వాపు, మూత్రానికి గొట్టం వేయించుకోవడం లాంటివి కారణం. ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధంలో పేగుల్లోని క్రిములు కూడా ఈ దారిన చేరవచ్చు. కారణాన్ని బట్టి మందు మారుతుంది. అందుకే డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతాడు.

ఇందులో రెండు మాటలు విడమరిచి చెప్పాలి. మొదటిది, ఈ వాపు వచ్చిన ప్రతివాడూ ఎక్కడికో పోయి తెచ్చుకున్నాడని కాదు. యాభై ఏళ్ల పెద్దమనిషికి మూత్రం ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తే రూములో నలుగురూ నవ్వుకోవడం అన్యాయం. రెండోది, ఎక్కడికో పోయి తెచ్చుకున్నా సరే, అది జబ్బే. జబ్బుకు మందు ఇవ్వాలి, శిక్ష కాదు. ఇల్లు, పెళ్లాం పిల్లలను వదిలి రెండేళ్లు, మూడేళ్లు ఒంటరిగా బతికే మనుషుల గురించి తీర్పులు చెప్పడం మన గ్రూపు పని కాదు.

హెచ్ఐవితో దీనికి సంబంధం ఏమిటి? బీజం వాచిందంటే ఎయిడ్స్ వచ్చినట్టు కానే కాదు. కానీ రెండూ నడిచే దారి ఒకటే. గనేరియా, క్లామిడియా అంటుకున్న దారిలోనే హెచ్ఐవి కూడా అంటుకోవచ్చు. పైగా సుఖవ్యాధి వల్ల లోపలి పొర వాచి, పుండుపడి ఉంటే హెచ్ఐవి వైరస్ సులువుగా చొరబడుతుంది. హెచ్ఐవి ఉండి మందులు వాడని మనిషికి గనేరియా కూడా వస్తే అతని నుంచి అవతలివారికి వైరస్ పోయే అవకాశమూ పెరుగుతుంది. అంటే ఈ వాపుకు తొందరగా వైద్యం చేయించుకోవడం హెచ్ఐవిని అడ్డుకోవడంలో కూడా భాగమే.

సంబంధం ఇంకో వైపు నుంచి కూడా ఉంది. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మామూలు క్రిములతో పాటు క్షయ, ఫంగస్ లాంటివి కూడా ఆ గొట్టానికి పట్టవచ్చు. ఈ శక్తి తగ్గేది హెచ్ఐవి వల్ల ఒక్కటే కాదు. షుగరు అదుపులో లేకపోయినా, స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం మింగినా తగ్గుతుంది. క్షయ వాపు మెల్లగా వస్తుంది, నొప్పి తక్కువ, ఒక్కోసారి చర్మం పగిలి కారుతుంది. మామూలు యాంటీబయాటిక్‌కు తగ్గదు, నెలల తరబడి క్షయ మందులే వాడాలి. కాబట్టి మందు మొదలుపెట్టిన మూడు రోజులకు కూడా తేడా కనపడకపోతే మళ్లీ అదే డాక్టరు దగ్గరికి పోండి. కోర్సు అయిపోయాక కూడా గడ్డ మిగిలితే, లేదా నొప్పి లేని గట్టి గడ్డ చేతికి తగిలితే స్కానింగ్ చేయించండి. కుర్రవయసులో బీజానికి వచ్చే క్యాన్సర్ అలాగే మొదలవుతుంది, తొందరగా పట్టుకుంటే అదీ నయమవుతుంది.

ఇవన్నీ తెలిసినా మనవాళ్లు ఆసుపత్రి మెట్లు ఎందుకు ఎక్కరు? సిగ్గు ఒక్కటే కారణం కాదు. భయం ఉంది. ఆ భయం ఉత్తది కాదు. గల్ఫ్ దేశాలకు వచ్చేటప్పుడు, వీసా కోసం మెడికల్ చేసేటప్పుడు హెచ్ఐవి పరీక్ష ఉంటుంది. పాజిటివ్ అని తేలితే అన్‌ఫిట్ చేసి వెనక్కి పంపించేస్తారు. అప్పు తీరకముందే ఇంటికి పోవాల్సి వస్తుందన్న ఆలోచనే మనిషిని నోరు నొక్కేసుకునేలా చేస్తుంది. ఈ పద్ధతి తప్పని మన గ్రూపు అభిప్రాయం. మందులు సరిగ్గా వాడి, రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోయిన మనిషి నుంచి సెక్సు ద్వారా హెచ్ఐవి ఇంకొకరికి అంటదు. అందరిలాగే పని చేయగలడు. అలాంటివాణ్ని పంపించేస్తే జబ్బు తగ్గదు, దాక్కుంటుంది.

అయితే ఆ భయంతో ఈ వాపును దాచుకోవద్దు. ఎపిడిడిమైటిస్‌కు వైద్యం మొదలుపెట్టడానికి హెచ్ఐవి పరీక్ష అక్కర్లేదు. డాక్టరు చేత్తో చూస్తాడు, మూత్రం పరీక్ష రాస్తాడు, అవసరమైతే స్కానింగ్ చేయిస్తాడు. సుఖవ్యాధి అనుమానం ఉంటే హెచ్ఐవి పరీక్ష కూడా చేయించుకోమని చెప్పవచ్చు, అది మంచి సలహానే. సెలవుకు ఊరికి పోయినప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రంలో ఆ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. మన దేశంలో 2004 నుంచి హెచ్ఐవి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. ఇండియాలో 1097 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. నొప్పికి పనడాల్ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, క్రిమి చావదు. ఊరి నుంచి వచ్చినవాళ్ల బ్యాగులో దొరికిన యాంటీబయాటిక్ నాలుగు మాత్రలు మింగి ఆపేస్తే క్రిమి ఇంకా మొండికేస్తుంది. ఒకప్పుడు గనేరియాకు పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలకు ఇప్పుడు ఆ క్రిమి చాలా చోట్ల లొంగడం లేదు. సరైన వైద్యం పెద్ద ఖర్చుతో కూడింది కాదు. సుఖవ్యాధి వల్ల వచ్చినదానికి మామూలుగా ఒక ఇంజెక్షను, పది రోజుల మాత్రలు. మూడో రోజుకు హాయిగా ఉన్నా పదో రోజుదాకా వేసుకోవాలి. బరువులు ఎత్తకుండా విశ్రాంతి, బిగుతైన లోదుస్తుల ఆసరా, గుడ్డలో చుట్టిన ఐసు నొప్పిని తగ్గిస్తాయి. వదిలేస్తే చీముగడ్డ కట్టవచ్చు, నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు, పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు.

సెలవు దగ్గరపడినవాళ్లు ఇంకో మాట వినండి. మీకు తగ్గినట్టు అనిపించినా లోపల క్లామిడియా మిగిలి ఉంటే అది మీ ఇంటి ఆడమనిషికి చేరుతుంది. ఆమెకు పైకి ఏమీ కనపడకుండానే గర్భసంచి గొట్టాలు పాడవుతాయి. పిల్లలు కాలేదని ఊరంతా ఆమెనే అంటుంది. కాబట్టి ఇద్దరి వైద్యం పూర్తయ్యేదాకా కలవకండి. గత రెండు నెలల్లో కలిసినవాళ్లకు కూడా వైద్యం అవసరమని డాక్టర్లు చెబుతారు. ఇంటికి ఆ మాట చెప్పడం కష్టమే. చెప్పకపోతే దాని ఫలితం మోసేది ఆమె. ఇకమీదట కండోమ్ వాడటం ఈ తిప్పలన్నిటికన్నా తేలిక.

ఆసుపత్రికి పోవడం గురించి కొన్ని పనికొచ్చే మాటలు. సౌదీలో, యూఏఈలో ప్రైవేటు కంపెనీ కార్మికునికి ఆరోగ్య బీమా చేయించాల్సింది యజమానే. 2025 జనవరి 1 నుంచి యూఏఈలోని అన్ని ఎమిరేట్లకూ ఇది వర్తిస్తోంది. మీ బీమా కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. సూపర్‌వైజరుకు "యూరిన్ ఇన్‌ఫెక్షన్" అంటే చాలు, అది అబద్ధం కాదు, అంతకుమించి ఆయనకు తెలియాల్సిన పని లేదు. చాలా క్లినిక్కుల్లో హిందీ తెలిసిన డాక్టర్లు ఉంటారు. "పేషాబ్ మే జలన్, గోలీ మే సూజన్ ఔర్ దర్ద్" అంటే వాళ్లకు అర్థమవుతుంది. భాష రానివాళ్లు నమ్మకమైన ఒక్క మనిషిని వెంట తీసుకెళ్లండి.

రూములో ఉన్న మిగతావాళ్లకు కూడా ఒక విన్నపం. పక్క మంచం మనిషి కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నా, రాత్రంతా మూలుగుతున్నా ఎగతాళి చేయకండి. "పా అన్నా, క్లినిక్‌కు నేనూ వస్తా" అనండి. అతని కబురు ఊరికి మోయకండి. మన ఊళ్లలో పేరు పోవడమంటే ఏమిటో మనకు తెలుసు, ఆ భయమే చాలామందిని డాక్టరుకు దూరం చేస్తోంది.

దేహం బాగుంటేనే మనం ఇక్కడ నాలుగు దినార్లు, దిర్హమ్‌లు కూడబెట్టి ఇంటికి పంపగలిగేది. ఈ మెసేజ్ అందరి ముందు పెట్టడానికి సిగ్గనిపిస్తే, అవసరమున్న ఒక్కరికి విడిగా పంపండి. నొప్పి మీకే ఉంటే, రేపు పొద్దున్న క్లినిక్ తెరవగానే పోండి.