రీస్టార్ట్ ఇలాజ్ కాదు, భాయ్!

మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 మీద చిన్న లినక్స్ సర్వర్ నడుస్తుంది. మర్హూమ్ అబ్బాజాన్ గొంతు, ఖాందాన్ షాదీల ఫొటోలు అన్నీ అందులోనే. అది మా అమానత్. రెండ్రోజులకోసారి పడిపోయేది. “స్విచ్ ఆపి మళ్లీ వెయ్ బేటా” అనేవారు మామూజాన్. “లినక్సే బేకార్” అనేవాడు తమ్ముడు. సబూత్ లేకుండానే ఇల్జామ్!

నా గుస్సా ఈ ఆదత్ మీదే. నబ్జ్ చూడకుండా మందిచ్చే హకీమ్ దగ్గరికి మనం వెళ్తామా? లాగ్‌లు ర్యామ్‌లోనే ఉంటే, రీస్టార్ట్ కొట్టగానే గవాహీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు జర్నల్‌డీ సెట్టింగుల్లో స్టోరేజ్‌ని ‘పర్సిస్టెంట్’ చేయండి. ఆ తర్వాత సర్వర్ పడిపోతే ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ వన్’ కొట్టి, పడిపోక ముందరి చివరి లైన్లు చదవండి. ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే ర్యామ్ చాలలేదు. ‘అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్’ అని ఉంటే కరెంటు చాలలేదు.

మాకు దొరికింది రెండోదే. ఆ బోర్డుకు 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మేం పెట్టింది పాత ఫోన్ ఛార్జర్! పైగా యూఎస్‌బీ హార్డ్ డిస్క్ భారం కూడా దానిమీదే. కసూర్ మాది, బద్నామ్ అయ్యింది లినక్స్.

అడాప్టర్ మార్చాం, తక్లీఫ్ పోయింది. అయినా బేఫికర్‌గా కూర్చోలేదు. ఇంకో డిస్కులో నకలు పెట్టాను. మాటిమాటికీ కరెంటు తీసి పెడితే ఫైళ్లే ఖరాబవుతాయి. అప్పుడు అబ్బాజాన్ గొంతును ఏ దుకాణం వాపస్ ఇస్తుంది జనాబ్?