వేట లేని 61 రోజులు ఎవరి పాలు?

ఏటా ఏప్రిల్ 15న నెల్లూరు తీరంలో ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, వేట నిషేధం. తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు తీరాల్లోని పట్టపుపాలేలలో మగవాళ్లు వరసగా ఇన్నాళ్లు ఇంటిపట్టున ఉండేది అప్పుడే. బడులకు వేసవి సెలవులు వచ్చేదీ, ఐపీఎల్ జోరు మీద ఉండేదీ అప్పుడే. వలలు అల్లుకోవడం, ఇంజన్లు విప్పి బాగుచేసుకోవడం ఉన్నా రోజులో సగం ఖాళీయే. ఈ కాలానికి ప్రభుత్వం డబ్బు లెక్క చూసింది, రూ.10,000 ఉన్న భృతిని 2025లో రూ.20,000 చేసింది. ఆ ఖాళీ సమయం ఎటు పోతోందో మాత్రం లెక్క చూసినవాళ్లు లేరు. తీరికలో మనిషి ఆట కోరుకుంటాడు, అందులో తప్పులేదు. అయితే ఏ ఆటనైనా అదుపులో ఉంచేది ఆడేవాళ్ల మధ్య ఉన్న బంధమే. ఆ బంధం అక్కర్లేని ఆటను ఫోను రూపంలో ప్రతి చేతిలో పెట్టి, చెడిపోయాక చట్టంతో పట్టుకోవాలని చూస్తున్నాం. అక్కడే మన లెక్క తప్పుతోంది.

ఫోనుకు దక్కాల్సిన మెప్పు ముందు దక్కాలి. పక్కనున్న శ్రీహరికోట నుంచి 2022 నవంబరులో ఎగిరిన ఓషన్‌శాట్-3 సముద్రపు నీటి రంగును, వేడిని గమనించడానికి చేసిన ఉపగ్రహం. ఇలాంటి సమాచారంతోనే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు గుమిగూడే చోట్లను అంచనా కట్టి మత్స్యకారులకు కబురు పంపుతుంది. వెతుకులాట తగ్గితే డీజిలు మిగులుతుంది. తుపాను హెచ్చరిక వేళకు అందితే ప్రాణమే మిగులుతుంది. కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చిన 1997-2001 నాటి మార్పును ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ లెక్కగట్టి 2007లో ప్రచురించారు. ఏ రేవులో గిరాకీ ఉందో సముద్రం మీదినుంచే కనుక్కునే వీలు రావడంతో అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. బోటుకూ రేవుకూ, పట్టేవాడికీ కొనేవాడికీ ముందునుంచీ ఉన్న సంబంధాన్ని ఫోను ఇంకా దగ్గర చేసింది. అందుకే ఫోను లాక్కుంటే చాలు అంతా చక్కబడుతుందనే వాదన నిలబడదు.

ఆట దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఈ తీరంలో బతుకే జట్టు పని. అలివి వల లాగాలంటే ఒకరిద్దరి వల్ల కాదు. పడిన చేప బోటుకింత, వలకింత, మనిషికింత అని వాటాలు పడాలి. పాత ఆటలూ ఆ జట్టు మధ్యనే నడిచేవి. 3 పులులు, 15 మేకల పులిజూదమే చూడండి. సుద్దముక్కతో నేల మీద గీసిన త్రికోణం, పావులకు గులకరాళ్లు, చింతపిక్కలు. ఆడేది ఇద్దరే, ఎత్తులు చెప్పేది మాత్రం చుట్టూ ఉన్న నలుగురు. కదల్లేక కట్టుబడిన పులిని చూసి నవ్వేవాళ్లూ, ఇంకో ఆట వెయ్యమని ఎగదోసేవాళ్లూ, ఇక చాల్లే లెమ్మని చెయ్యి పట్టి లేపేవాళ్లూ ఆ గుంపులోనే ఉంటారు. ఓడినవాడు మర్నాడు గెలిచినవాడితోనే బోటెక్కాలి కాబట్టి గెలుపుకూ ఓటమికీ ఒక హద్దు ఉండేది. పందెం కాసిన పేకాటలో సైతం ఎవరి చెయ్యి ఎంత కాలిందో పాలెమంతా తెలిసేది. పెద్దలు కూర్చుని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే దాటడానికి జంకేవారు.

ఇదే పేకాట ఫోనులోకి వెళ్తే ఏం మిగిలింది? సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా తేల్చింది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి ఆ తీర్పును అడ్డం పెట్టుకున్నాయి. పందెపు ఆట మీద ఆడించే ఇంటి లేదా క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే మాత్రం నేరం కావచ్చని అదే తీర్పు చెప్పిన మాటను అవి పైకి తీయలేదు. క్లబ్బు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. ఫోనులో ఎదుటివాడు మనిషో యంత్రమో తెలియదు. ప్రతి ఆటలో కోత తీసుకునే కంపెనీకి మనం లేవకపోవడమే లాభం. అందుకే చాల్లెమ్మనే గొంతు ఉండాల్సిన చోట, బోనసు ఇస్తాం రమ్మని అర్ధరాత్రి పిలిచే గంట ఉంటుంది. డబ్బు అయిపోతే అప్పిచ్చే యాప్ పక్కనే ఉంటుంది. ఇంట్లో ఆడమనిషికి సంగతి తెలిసేది పొదుపు సంఘం కిస్తీ కట్టాల్సిన రోజున.

చట్టం వచ్చేసింది కదా, ఇంకా ఈ గోల దేనికని అడగవచ్చు. నిజమే. మన రాష్ట్రం ఆన్‌లైన్ పందెపు ఆటలను 2020లోనే నిషేధించింది. వీటివల్ల 45 కోట్ల మంది దెబ్బతిన్నారని, రూ.20,000 కోట్లకు పైగా పోగొట్టుకున్నారని అంచనా వేసిన కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం చేసింది. నడిపేవారికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు. అప్పట్లో భారత క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు వేసుకున్న డ్రీమ్11 సైతం డబ్బు పోటీలు ఆపేసింది. అవసరమైన చట్టమే. కానీ చట్టం దుకాణం మూయగలదు, దుకాణానికి మనిషిని పంపిన ఒంటరితనాన్ని తీర్చలేదు. విడవలూరు, ఇందుకూరుపేట మండలాల రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషిని తలుచుకోండి. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి సరుకు చచ్చి తేలుతుంది. కాబట్టి అతను కునుకు తీయకూడదు, పక్కన మాట్లాడే తోడు ఉండదు. ఒక యాప్ మూతపడితే అతని వేలు ఇంకో యాప్ వెతుక్కుంటుంది, లేదంటే బుకీ నంబరు వెతుక్కుంటుంది.

పాత కాలాన్ని మరీ పొగుడుతున్నారన్న మాటలోనూ బలముంది. కోడిపందేలకు, పేకాటకు కొంపలు కూలిన ఊళ్లు ఫోను రాకముందూ ఉన్నాయి. పెద్దల దురాయి అన్నిసార్లూ న్యాయంగా పడిందనీ చెప్పలేం. అరుగు మీద ఆట మగవాళ్ల సొత్తు. చేపల తట్ట మోసి, అమ్మి, ఇంటికొచ్చి వండే ఆడవాళ్లకు ఆట అనే తీరికే దక్కలేదు. వీధిలోకి పోనివ్వని ఆడపిల్లకు ఫోనే ఇవాళ స్నేహితులను ఇచ్చింది. నలుగురు పిల్లలు నాలుగు ఇళ్లలో కూర్చుని ఒకే ఆటలో అరుచుకుంటూ ఆడితే అది కూడా జట్టే. ఇవన్నీ ఒప్పుకున్నా నా వాదన సడలదు. తెర ఉందా లేదా అన్నది కొలబద్ద కాదు. ఆట ముగిశాక ఎదుటివాడు మన మనిషిగా మిగులుతాడా లేదా అన్నదే కొలబద్ద. ఆ కొలతకు పిల్లల ఫోను ఆట నిలబడవచ్చు, నిలువునా ముంచే పేకముక్కల గుంపు నిలబడకపోవచ్చు.

కాబట్టి అడగాల్సింది చిన్నదే. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ మీద వందల కోట్లు పెట్టగలిగిన ప్రభుత్వానికి పాలెంలో బడి మైదానం తలుపు తీయడం భారం కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రాలు ఆ మైదానాల్లో దీపాలు వెలగనివ్వండి, వాలీబాల్ నెట్లు కట్టండి, పాలేల మధ్య కబడ్డీ పోటీలు పెట్టండి, ఆడపిల్లలకూ ఆడవాళ్లకూ వేరే వేళలు కేటాయించండి. కృష్ణపట్నం చుట్టూ ఉన్న పోర్టు, విద్యుత్ కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించవచ్చు. రొయ్యల గుంటల యజమానులు కాపలాకు ఒక్కరి బదులు ఇద్దరిని పెట్టవచ్చు. భృతి ఖాతాలో పడ్డ రోజునే ఆట స్థలమూ తెరుచుకోవాలి. ఇది చేయకుండా ఆ రూ.20,000లో కొంత పందెంలో పోయిందని మత్స్యకారుణ్ణి తిట్టడానికి మనకు హక్కు లేదు.