వ్రాతకు వెల

ఎల్లారెడ్డినుండి వచ్చి కామారెడ్డిలో చదువుకొనిన నా శిష్యుడొకడు, "సారూ, ఉద్యోగము లేకుండ వ్రాతతోనే బ్రదుకవచ్చునా?" అని నన్నడిగెను. బ్రదుకవచ్చును; కాని పొయ్యి ప్రతిదినము రాజదు.

మండలములనుండి దినపత్రికలకు వ్రాయువారిని చూడుడు. వారిలో పెక్కురకు నెలజీతము లేదు. అచ్చయిన వార్తను సెంటీమీటర్లతో కొలిచి సొమ్మిచ్చుట చిరకాలపు పద్ధతి. నిజాముసాగరము గేట్లెత్తిన వారమున కొలత పెరుగును. ఊరు చల్లగా నున్న నెలలో విలేఖరి యింట బియ్యపు డబ్బా అడుగంటును. ఊరి క్షేమము తన కూటికి నష్టమగుట యెంత వింత!

పేరెన్నికగన్నవారికిని ఈ బాధ తప్పలేదు. జాషువ (1895-1971) రాజమహేంద్రవరమున మూగచిత్రములకు వ్యాఖ్యానము చెప్పెను. పిమ్మట గుంటూరులో, మావంటి మిషను బడిలోనే, పాఠములు చెప్పెను. శ్రీశ్రీ తన 'మహాప్రస్థానము' పుస్తకముగా వెలువడిన 1950లోనే 'ఆహుతి' యను డబ్బింగు చిత్రమునకు మాటలు, పాటలు కూర్చెను. ఇది కవిత్వమునకు తలవంపని కొందరందురు. నేనట్లనుకొనను, కూలి ఎగవేసినవానిదే తలవంపు.

నేనొక ప్రచురణకర్తకు ప్రశ్నోత్తరములు వ్రాసియిచ్చితిని. పుస్తకము రెండుమారులు అచ్చయ్యెను. సొమ్ము నేటికిని రాలేదు. అడుగబోగా, "అయ్యవారు సరస్వతిని అమ్ముకొందురా?" యని నవ్విరి. కాగితపు వర్తకుని, అచ్చువానిని ఎవరును అట్లడుగరు!

కావున మొదట ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేయుమనియు, వ్రాత మాత్రము మానవలదనియు, వెల ముందే మాటాడుకొమ్మనియు శిష్యునితో చెప్పితిని. వాడు తల వంచుకొనెను. బంధువుల పెండ్లికి వ్రాసిన పంచరత్నములకు అచ్చుకూలి కూడ తానే పెట్టుకొనెనట.