చిత్రంలో మిగిలిన ప్రాణి

చిత్రంలోని గుర్రాన్ని చూసినవారు దానిని గుర్రమనే అంటారు. అది పరుగెత్తదని తెలిసినా ఆ మాట అసత్యమనిపించదు. రసచర్చలో శంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం ఇదే. ఈ ప్రతీతి కళానందానికి మూలం. అయితే ప్రకృతి విషయంలో చిత్రాన్నే ప్రాణిగా భావించి తృప్తిపడడం అనర్థదాయకం. ఆస్ట్రేలియా జంతువుల పాత చిత్రాలు ఇందుకు తార్కాణం.

పిల్లలను పొట్టమీది సంచిలో పెంచే కంగారూ వంటి జంతువులు ఆనాటి ఐరోపావారికి వింతగొలిపాయి. 1770లో కెప్టెన్ కుక్‌తో ఆస్ట్రేలియా తీరానికి వెళ్ళిన జోసెఫ్ బ్యాంక్స్ ఒక కంగారూ చర్మాన్ని లండనుకు తెచ్చాడు. సజీవమైన కంగారూను ఎన్నడూ చూడని జార్జ్ స్టబ్స్ ఆ చర్మం ఆధారంగా 1772లో దాని రూపాన్ని చిత్రించాడు. మరుసటి సంవత్సరం అది ముద్రితమై లోకానికి కంగారూను పరిచయం చేసింది.

నాటి చిత్రముద్రణ శ్రమైక సాధ్యం. రాగిరేకుపై సన్నని గీతలు చెక్కి, సిరా నింపి, కాగితంపై అచ్చొత్తేవారు. తరువాత ఒక్కొక్క ప్రతికీ కుంచెతో రంగులద్దేవారు. ఆ రంగులద్దిన చేతులలో అధికభాగం అజ్ఞాతంగానే ఉండిపోయాయి. రాగిరేకు స్థానంలో శిలాముద్రణ వచ్చాక కూడా రంగులద్దే పని చేతిదే అయింది.

జాన్ గూల్డ్ 1845–1863 మధ్య ప్రకటించిన ‘ఆస్ట్రేలియా క్షీరదాలు’ అనే మూడు సంపుటాల గ్రంథం ఈ కళకు పరాకాష్ఠ. అందులో వీపుపై చారలు గల థైలసిన్ చిత్రం ఉంది. దీనినే టాస్మేనియా పులి అంటారు. జనావాసాలు పెరిగితే ఈ జంతువు త్వరలోనే నశిస్తుందని గూల్డ్ చిత్రంతోపాటే హెచ్చరించాడు.

ఆ హెచ్చరిక అరణ్యరోదనమైంది. గొర్రెలను చంపుతున్నదన్న నెపంతో టాస్మేనియా ప్రభుత్వం 1888 నుండి 1909 వరకు థైలసిన్ల వధకు బహుమానమిచ్చింది. పెద్ద జంతువుకు ఒక పౌను చొప్పున ప్రకటించిన ఆ పథకంలో 2,184 బహుమానాలు చెల్లించారు. 1936 జులై 10న చట్టరక్షణ లభించింది. సరిగ్గా 59 రోజులకు, సెప్టెంబరు 7న, హోబార్ట్ జంతుప్రదర్శనశాలలో మనకు తెలిసిన చివరి థైలసిన్ మరణించింది. గూల్డ్ గ్రంథంలోని పందికాళ్ళ బాండికూట్, టూలాచ్ వాలబీ కూడా నేడు లేవు.

ఇటువంటి గ్రంథాలను విడదీసి, చిత్రాలను చట్రాలలో బిగించి గోడలకు అలంకరించుకోవడం పరిపాటి అయింది. ఇలా చేయడం వల్లనే చిత్రాలు పదిమందికీ అందుతున్నాయని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని చిత్రం గోడకెక్కినప్పుడు దాని పక్కనున్న హెచ్చరిక మరుగున పడుతుంది. అందం మిగిలి అర్థం జారిపోతుంది. కాబట్టి విడి చిత్రాన్ని ప్రదర్శించేవారు ఆ ప్రాణి కథను కూడా పక్కనే ఉంచడం కనీస ధర్మం.

దోషం చిత్రకారునిది కాదు. అతడు చూపాడు, గ్రంథకర్త చెప్పాడు, సమాజం వినలేదు. జ్ఞానం ఆచరణగా మారనినాడు అది గోడమీది బొమ్మతో సమానం. ప్రాణి ఉండగా గీసిన చిత్రం పరిచయపత్రం. ప్రాణి పోయాక అదే చిత్రం మరణపత్రం. ఈ రెండింటిలో ఏది కావాలో నిర్ణయించేది కుంచె కాదు, మానవుని వివేకమే.