కింద మడిగెలు, పైన కాపురాలు: నడుమ ఒక్కటే మెట్ల దారి

నిజామాబాద్ నడిబజారులో ఫ్లాటు కొన్నవాళ్లకు, కొనబోతున్నవాళ్లకు, కిరాయికి దిగినవాళ్లకు ఒక హెచ్చరిక. మీ భవనం కింద దుకాణాలుంటే ఈ పూటే మెట్లు దిగి చూడండి. కరెంటు మీటర్ల బోర్డు ఎక్కడుంది, దాని పక్కన ఏం పేర్చి పెట్టారు, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, పైన టెర్రస్ తలుపు తెరుచుకుంటుందా లేదా చూసుకోండి. ఈ సంగతులు తెలియకుండా ఆ ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టకండి.

గాంధీచౌక్ చుట్టుపక్కల చూసినా, బోధన్ రోడ్డు మీద అర్సపల్లి దాకా పోయినా, కంఠేశ్వర్ వైపు తిరిగినా, పాత ఇల్లు కూలిన జాగలో లేస్తున్న భవనాలది ఒకే తీరు. రోడ్డు మొఖాన వరుసగా మడిగెలు, వాటి మీద మూడు నాలుగు అంతస్తుల ఫ్లాట్లు. జాగ యజమానికి నెలనెలా కిరాయి వస్తుంది, బిల్డరుకు పెట్టుబడి తొందరగా తిరిగొస్తుంది, ఫ్లాటు కొన్నవాళ్లకు బజారు, బడి, దవాఖానా నడిచిపోయే దూరంలో ఉంటాయి. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. మా భయమంతా మడిగెకూ మంచానికీ నడుమ ఉన్న మెట్ల గది గురించే.

2025 మే 18, ఆదివారం. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌస్. కింద ముత్యాల దుకాణాలు, పైన రెండు అంతస్తుల్లో ఏళ్లుగా ఉంటున్న ఉమ్మడి కుటుంబం. తెల్లారి ఆరు దాటాక మంటలు లేచాయి. 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. లోపలికి పోవడానికి సొరంగంలాంటి రెండు మీటర్ల దారి, పైకెక్కడానికి మీటరు వెడల్పు మెట్లు. ఇవి తప్ప బయటపడే తోవ లేదని అగ్నిమాపక అధికారులే చెప్పారు.

అంతకు ఏడాదిన్నర ముందు, 2023 నవంబరు 13న, దీపావళి మర్నాడు నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగింది కూడా ఇదే. అది నాలుగంతస్తుల అపార్టుమెంటు. కింద బండ్లు పెట్టుకోవాల్సిన చోట రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. అగ్గి అక్కడ పుట్టింది, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు కనీసం 9 మంది పోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. అక్కడ 8 మంది. మూడు చోట్లా చనిపోయినవాళ్లు నిప్పు పుట్టిన చోట లేరు.

మన జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతికినా దొరకదు. కాబట్టి కువైట్ సంగతి ఇక్కడ చెప్పాలి. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో, కింది అంతస్తులో మంటలు లేచాయి. పొగ మెట్ల వెంట పైకి పాకింది. టెర్రస్ తలుపుకు తాళం వేసి ఉంది. రెండు రోజుల తర్వాత 45 మంది భారతీయుల మృతదేహాలు ఒకే విమానంలో కొచ్చికి వచ్చాయి. ఎడారిలో చెమటోడ్చి పంపిన పైసలతో ఇక్కడ ఫ్లాటు కొంటున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫ్లాటు టెర్రస్‌కూ అలాంటి తాళమే ఉంటే, ఆ కష్టమంతా ఎవరి కోసం?

పొగ పైకే పోతుంది. అన్ని అంతస్తులనూ కలిపే పెద్ద ఖాళీ జాగ మెట్ల గదే కాబట్టి, కింద అంటుకున్న నిమిషాల్లో అదే పొగగొట్టం అవుతుంది. పరుపుల ఫోము, రెక్సిను, ప్లాస్టిక్ సామాను, పీవీసీ సీలింగు కాలితే వచ్చేది కట్టెల పొయ్యి పొగలాంటిది కాదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషి దగ్గి లేచేలోపే సోయి తప్పుతాడు. లేచినవాళ్లు చేసే మొదటి పని తలుపు తీసి మెట్ల మీదికి ఉరకడం. అంటే పొగ నిండిన చోటికే పోవడం.

ఇంత ముప్పు ఉంటే అగ్నిమాపక శాఖ అనుమతి ఎలా ఇచ్చిందని అడగొచ్చు. అసలు మెలిక ఇక్కడే ఉంది. నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, ఆ పైన ఎత్తు ఉంటేనే ఆ శాఖ నిరభ్యంతర పత్రం అవసరం. మన బజారులో లేస్తున్న భవనాల్లో ఎక్కువ భాగం ఆ గీతకు కిందే ఆగుతాయి. ఇక 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు జాగలో 10 మీటర్లలోపు ఎత్తున్న ఇంటికి యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి దొరుకుతుంది. జనాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా చేసిన మంచి మార్పు అది, దాన్ని మేం తప్పుపట్టం. కానీ ఇంటి కోసమని ప్లాను పెట్టి, స్లాబు పడ్డాక కింద షట్టర్లు బిగిస్తే, ఆ మార్పును పట్టుకోవాల్సిన కన్ను మున్సిపాలిటీదే. చూడకపోతే కాగితం మీద ఇల్లు, కింద పెయింట్ల దుకాణం.

ఈ మధ్య మేం చూసిన ఒక కొత్త భవనం సంగతి చెప్తాం. పేరూ వీధీ రాయం, ఎందుకంటే అది ఒక్క భవనం కథ కాదు. మెట్ల మొదట్లోనే, గోడకు రెండు వరుసల్లో మీటర్లు. వాటి కింద ఒక డబ్బా, మూత లేదు, ఫ్యూజుల చోట రాగి తీగ చుట్టి ఉంది. అక్కడి నుంచి ఒక వైరు పక్క మడిగెలోకి పోయింది, దానికి మధ్యలో టేపు చుట్టిన అతుకు. మెట్ల కింది మూలలో ఖాళీ అట్టపెట్టెలు చూరు దాకా. వాటిని ఆనుకుని స్కూటరు చార్జింగ్‌కు పెట్టి ఉంది. మడిగె వెనక గోడ ఇటుకది కాదు, ప్లైవుడ్‌ది. చేత్తో తడితే మోగింది. పైకి పోతే, దొంగల భయంతో ప్రతి బాల్కనీకీ ఇనుప గ్రిల్లు, ఒక్కదానికీ తెరుచుకునే తలుపు లేదు. టెర్రస్ దగ్గర తాళం. తాళంచెవి ఓనర్ దగ్గర ఉందట, ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడట.

ఆ ఇంట్లో ఉన్నవాళ్లు చదువుకోనివాళ్లేమీ కాదు. లిఫ్టు ఏ కంపెనీదో, మార్బుల్ ఎక్కడి నుంచి తెప్పించారో, వాస్తు ఏమిటో అన్నీ అడిగే కొన్నారు. మెట్ల గురించి ఒక్కరూ అడగలేదు.

బోధన్‌లో ఇలా మడిగెల మీద ఫ్లాట్లు కట్టడం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, అందుకే అక్కడివాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాలి. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల నడుమ పెరిగినవాళ్లకు ఇంటి ముందు వాకిలి, వెనక దొడ్డి ఉండటం అలవాటు. ఏ ప్రమాదం వచ్చినా ఒక్క అంగలో బయట పడేవాళ్లు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ పట్టణానికి వ్యాపారమే ఆసరా అయింది. రోడ్డు పక్కన చారెడు జాగ ఉన్నా మడిగె కట్టి కిరాయికి ఇవ్వాలనుకోవడం సహజం. కట్టండి. కానీ ప్లాను గీసే రోజే ఇంటి మెట్లను మడిగెల నుంచి పూర్తిగా విడదీయండి. ఇంటికి వేరే దారి, నడుమ తలుపులూ కిటికీలూ లేని ఇటుక గోడ, మీటర్లకు మెట్ల బయట వేరే జాగ. పునాది దశలో ఇది పెద్ద ఖర్చు కాదు. కట్టడం అయిపోయాక చేయాలంటే ఇల్లు పగలగొట్టాలి.

కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందు మంజూరైన ప్లాను చేతిలో పట్టుకుని భవనం చుట్టూ ఒకసారి తిరగండి. ప్లానులో పార్కింగ్ అని ఉన్నచోట షట్టరు కనిపిస్తే వెనక్కి తిరగండి. 8 ఫ్లాట్లు దాటినా, జాగ 500 చదరపు మీటర్లు దాటినా స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు తప్పనిసరి, ఆ నంబరు అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తర్వాత తెస్తామంటే, తెచ్చాకే గృహప్రవేశం పెట్టుకోండి. ముహూర్తం మళ్లీ దొరుకుతుంది.

ఇప్పటికే ఉంటున్నవాళ్లు చేయగలిగింది కూడా చాలా ఉంది, అందులో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు. మెట్ల కింద సామాను ఉంచనివ్వకండి. బండ్లను మెట్ల దగ్గర, అందరూ పడుకున్న వేళ చార్జింగ్ పెట్టనివ్వకండి. కింద టిఫిన్ సెంటరు ఉంటే దాని 19 కిలోల సిలిండర్లు ఎక్కడ పెడుతున్నారో చూడండి. ప్రతి గ్రిల్లుకూ లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించండి, వెల్డింగ్ షాపువాడికి అది ఒక్కపూట పని. మడిగెలో కొత్తగా ఏసీలు పెట్టినా, ఫ్రిజులు తెచ్చినా, కరెంటు లోడు పెంచుకున్నారా అని అడిగే హక్కు పైనున్న ప్రతి ఇంటికీ ఉంది. గొడవ పడాల్సి వస్తే పడండి.

నగరపాలక సంస్థను, బోధన్ మున్సిపాలిటీని మేం అడిగేది ఒకటే. దుకాణాల ట్రేడ్ లైసెన్సులు ఏటా మీ బల్ల మీదికి వస్తాయి. పైన కాపురాలున్న ఏ మడిగెకూ, మెట్ల దారి ఖాళీగా ఉందని, మీటర్ల బోర్డు సరిగ్గా ఉందని కళ్లతో చూడకుండా రెన్యువల్ చేయకండి. విద్యుత్ సంస్థ, అగ్నిమాపక శాఖ మనుషులను వెంట తీసుకుని ఎండాకాలం ముదరకముందే ఈ భవనాలన్నీ తిరగండి. ఏసీలూ కూలర్లూ ఒకేసారి నడిచే ఏప్రిల్, మే నెలల్లో పాత వైర్లు తట్టుకోలేవు. ఇరుకు గల్లీల్లోకి ఫైరింజన్ పోగలదో లేదో ఒకసారి తోలి చూస్తే మీకే తెలుస్తుంది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా అర్ధరాత్రి పొగ వాసన వస్తే ఏం చేయాలో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. తలుపును ముందు చేత్తో ముట్టుకుని చూడాలి. వేడిగా ఉన్నా, సందుల్లోంచి పొగ వస్తున్నా తెరవకూడదు. తడి బట్టలు సందుల్లో కుక్కి, రోడ్డు వైపు బాల్కనీలోకి పోయి కేకలు వేయాలి, 101కో 112కో ఫోన్ చేయాలి. లిఫ్టు ఎక్కకూడదు. మెట్లలో ఇంకా పొగ లేకపోతే మాత్రం సామాను కోసం ఆగకుండా వెంటనే దిగిపోవాలి. కిందే మండుతూ, పై మెట్లు మాత్రం తేటగా ఉంటే టెర్రస్ ఒక్కటే దిక్కు. కాబట్టి ఆ తాళంచెవి ఎక్కడుందో కనుక్కోవడం రేపటికి వాయిదా వేయకండి. ఓనర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి, ఈ రాత్రికే తాళం తీయించి, లోపలి నుంచి చేత్తో తీసే గడియ బిగించమనండి.