కోర్బా బొగ్గు ఒక సాకు: రాయ్‌పూర్ విమానాశ్రయంలో డీజిల్ బండ్లు ఇంకెన్నాళ్లు?



విమానాశ్రయ వాహనాలను ఎలక్ట్రిక్‌కు మార్చాలా అని అడిగితే మీలో చాలామంది రాసే వాక్యం ఒకటుంది: "కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి పొగ చోటు మారుతుంది, అంతే." రాయ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ మాటకు ఇంకా బలం వచ్చినట్టుంటుంది. సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనే కోర్బా ఉంది. అక్కడి ఎన్టీపీసీ కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లు.

ఈ వాక్యం తెలివిగా కనిపిస్తుంది కానీ సగమే నిజం. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని డీజిల్‌ను కాపాడటం తప్పు.

ముందు లెక్క

మానా దగ్గరి స్వామి వివేకానంద విమానాశ్రయంలోనైనా, మరెక్కడైనా విమానం ఆగగానే చుట్టూ చేరే బండ్లను గుర్తు తెచ్చుకోండి. సామాన్ల ట్రాక్టర్, బెల్ట్ లోడర్, విమానాన్ని వెనక్కి నెట్టే టగ్, ప్రయాణికుల బస్సు. అన్నీ నెమ్మదిగా, కొద్ది దూరమే తిరుగుతాయి. ఎక్కువసేపు ఆగి ఉంటాయి. రాత్రి ఒకేచోటికి చేరతాయి. ఎలక్ట్రిక్‌కు ఇంతకన్నా అనువైన బండ్లు దొరకవు.

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అది కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంజిన్ ఆపకుండా నిలబడే ఇలాంటి బండిలో ఐదో వంతు శక్తి చక్రాలకు చేరిందనుకుందాం, అంటే 2 యూనిట్లు. అదే పనికి ఎలక్ట్రిక్ బండి, ఛార్జింగ్ నష్టాలు కలిపి, రెండున్నర నుంచి మూడు యూనిట్లు తీసుకుంటుంది. దేశ గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోల పైచిలుకు. అంటే రెండు కిలోల అటూ ఇటూ. మొత్తం బొగ్గు కరెంటే అయితే యూనిట్‌కు కిలో దగ్గర, అంటే డీజిల్‌తో దాదాపు సమానం.

కాబట్టి బొగ్గు వాదన రుజువు చేసేది ఒక్కటే: ఛత్తీస్‌గఢ్‌లో కార్బన్ లాభం తక్కువ. డీజిల్ మేలని అది ఎక్కడా రుజువు చేయదు.

ఎవరి ఊపిరితిత్తులు?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. మీరు బస్సెక్కి రెండు నిమిషాల్లో టెర్మినల్‌లోకి వెళ్లిపోతారు. సామాన్లు మోసే కార్మికుడు షిఫ్టు మొత్తం ఆ పొగలోనే ఉంటాడు. మీ జవాబులో అతనికి చోటు లేకపోతే అది సగం జవాబే.

అలాగని కోర్బాను మరిచిపోకండి. రాయ్‌పూర్ రన్‌వే గాలి బాగుపడి కోర్బా పల్లెల మీద బూడిద పెరిగితే అది పర్యావరణ న్యాయం కాదు. అందుకే ఎలక్ట్రిక్ బండితో పాటు సౌర విద్యుత్ షరతు కూడా ఉండాలి. కొచ్చిన్ విమానాశ్రయం 2015 ఆగస్టులో 12 మెగావాట్ల సౌర కేంద్రంతో తన అవసరం తానే తీర్చుకునే స్థితికి చేరింది. రాయ్‌పూర్‌లో ఎండకు కొదవా?

ఇంకో మాట. ఈ రోజు కొన్న డీజిల్ ఇంజిన్ ఎన్నేళ్లు నడిచినా డీజిలే తాగుతుంది. ఎలక్ట్రిక్ బండి మాత్రం గ్రిడ్ శుభ్రపడిన కొద్దీ తానూ శుభ్రపడుతుంది.

కొత్త చట్టం అక్కర్లేదు

రన్‌వే వైపు తిరిగే ప్రతి బండికీ విమానాశ్రయం అనుమతి పత్రం కావాలి. గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనికి కాంట్రాక్టు కావాలి. రాయ్‌పూర్‌లో ఈ తాళంచెవి విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలోనే ఉంది. ఫలానా తేదీ తర్వాత కొత్త డీజిల్ బండికి అనుమతి లేదని ఒక్క షరతు రాస్తే చాలు. వెంటనే మార్చలేని భారీ టగ్‌లకు గడువు ఇవ్వవచ్చు.

అయితే ఈ భారాన్ని ముందుగా గేటు బయటి టాక్సీ డ్రైవర్ మీద వేయకండి. అతను కిస్తీలు కట్టుకుంటున్న మనిషి. మొదట సంస్థల బండ్లు, తర్వాత ప్రజా బస్సులు, ఆపైన రుణ సాయంతో టాక్సీలు. ఇదీ న్యాయమైన వరుస. తెలంగాణలోనూ రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రమే. అయినా ఆర్టీసీ 2019లో శంషాబాద్ విమానాశ్రయానికి ఎలక్ట్రిక్ బస్సులు నడపడం మొదలుపెట్టింది. బొగ్గు అడ్డు రాలేదు.

పరీక్షలో "పొగ చోటు మారుతుంది" అని రాసి ఆగిపోకండి. ఎవరి మీదికి మారుతుంది, దాన్ని ఆపే అధికారం ఎవరిది అన్నది కూడా రాయండి. రేపు ఆ ఫైలు మీ బల్ల మీదికే రావచ్చు.

సాధన ప్రశ్న: "శుభ్రమైన రవాణాకు శుభ్రమైన విద్యుత్ ముందస్తు షరతు కాదు, సహ షరతు." విమానాశ్రయ వాహనాల ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు)